పాయింట్ ఆరు

1985 ఫిబ్రవరి 3, ఆదివారం

ప్రాజెక్టు నాకే వచ్చింది.

నిన్న స్టాఫ్ రూంలో అందరి ముందు రాజేశ్వర్ రావు సార్ చెప్పిన్రు. "హైదరాబాద్ ల్యాబ్ వాళ్ల పని సాబిరా చేస్తది" అని. సార్ మా ఎలక్ట్రానిక్స్ డిపార్ట్‌మెంట్ హెడ్. ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. చాయ్ మాత్రం తొందర తొందరగ తాగేసి లేచిన్రు. నిన్నగాక మొన్న చేరిన లెక్చరర్‌ని, ఆడపిల్లని, ఆపైన... సరే, అనుకునేటోళ్లు అనుకోనీ.

పైలట్ లేని చిన్న విమానం అది. కింద నిలబడి రేడియోతో నడిపిస్తరు. దాని కడుపులో కెమెరా ఉంటది. అది తీసిన ఫోటోలను హైదరాబాద్‌లో అంకెలుగా మార్చి టేపు మీద పంపుతరు. మా కాలేజీ కంప్యూటర్ ఆ అంకెలు చదివి అక్కడున్నది చెట్టో, పశువో, మనిషో చెప్పాలె. మనిషైతే దగ్గర తుపాకి ఉన్నదో లేదో చెప్పాలె. ఆ చెప్పే ప్రోగ్రాం నాది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని పత్రికల్లో చదువుకోవటమే గాని నా చేతులతో నేను చేస్తానని అనుకోలేదు.

ల్యాబ్ నుంచి వెంకట్రాజం గారని వచ్చిండు. నా కంటే పదేండ్లు పెద్ద ఉంటడు, మెత్తటి మనిషి. "ఇయ్యాల ఫోటో తీసి, కడిగి, కూర్చొని చూస్తున్నం. రేపు రేపు విమానమే తీస్తది, విమానమే చూస్తది, ఏం చెయ్యాల్నో విమానమే తేల్చుకుంటది. యుద్ధంలో మనిషి చచ్చుడుండదు మేడం" అన్నడు.

"మన మనిషి" అన్న నేను.

"అదే, మన మనిషి" అని నవ్విండు.

సరిహద్దు కోసమట.

హనుమకొండ చౌరస్తాల రేడియోలు బాగుచేసే మా అన్న దుకాణానికి పోయి భాయ్‌కి చెప్పిన. విప్పిన రేడియో ముందర కూర్చొని వైరు అతికిస్తాండు. ఎడమ చెవి వినపడదు కాబట్టి కుర్చీ తిప్పుకొని మళ్ల చెప్పమన్నడు. మొత్తం విని, "డెబ్బై ఒకటి లడాయిల ఇసుంటిది ఒక్కటి ఉంటే మా సార్ బతుకుతుండె" అన్నడు. అంతే. ఆ సార్ ఎవరో, ఎట్ల పోయిండో భాయ్ ఎన్నడూ పూర్తిగ చెప్పలేదు. యుద్ధం నుంచి వచ్చిన్నాడు కూడా చెవి గురించే చెప్పిండు, ఆయన గురించి చెప్పలేదు.

ఫిబ్రవరి 20

పైనుంచి చూస్తే మనిషి మనిషి లెక్క కనబడడు. ఒక మచ్చ. ఎండ ఏటవాలుగ ఉన్నప్పుడు ఆ మచ్చకు ఒక నీడ. నీడనే ఎక్కువ మాట్లాడుతది.

ప్రోగ్రాంకు నేర్పాలంటే నమూనాలు కావాలె కదా. పొద్దున కాలేజీ నీళ్ల ట్యాంకు మీదికి ఎక్కి కెమెరాతోని కూర్చున్న. కింద గ్రౌండ్‌లో భాయ్‌ని నడవమన్న. ముందు ఉత్త చేతులతో, తర్వాత భుజాన కర్రతో. కర్ర పట్టంగనే మనిషి మారిపోయిండు. నడుము నిటారుగ అయింది, కాళ్లు ఒక తాళానికి పడ్డయి. "భాయ్, మామూలుగ నడువు" అని పైనుంచి అరిచిన. "గిదే మామూలు" అని కిందినుంచి అరిచిండు. గ్రౌండ్‌లో ఉరుకుతున్న పిల్లలంతా ఆగి నవ్విన్రు.

ఇంటికొచ్చినంక అడిగిండు: "నీ మిషిన్ నన్ను చూసి ఏమంటది?"

"మచ్చ పక్కన గీత ఉందంటది."

"గంతేనా?"

"ఇప్పటికి గంతే."

అమ్మీ రొట్టెలు చేస్తూ వింటాంది. "వాని మొఖం చూడదా బిడ్డా అది?" అన్నది. పైనుంచి మొఖం కనపడదు అని చెప్పిన.

మార్చి 7

ప్రోగ్రాం ప్రతి గీతకు ఒక మార్కు ఇస్తది, సున్నా నుంచి ఒకటి దాక. ఎంత దాటితే తుపాకి అనాల్నో నేను చెప్పాలె. అన్నం తినొచ్చి పాయింట్ ఆరు పెట్టిన. నా టెర్మినల్ టైం అయిపోతాంది, వెనక ఫైనల్ ఇయర్ పిల్లలు నిలబడ్డరు. బాగానే పనిచేస్తాంది.

మార్చి 29

ల్యాబ్ పంపిన టేపు మీద నిజమైన తుపాకులు పట్టుకున్న జవాన్ల ఫోటోలు. ఒక్కటి కూడ తప్పిపోలేదు! రాజేశ్వర్ రావు సార్ నా కుర్చీ దగ్గరికే వచ్చి చూసిన్రు. "శభాష్ సాబిరా" అన్నరు. స్టాఫ్ రూంలో ఇయ్యాల చాయ్ ఎవరూ తొందరగ తాగలేదు.

ఏప్రిల్ 12

నిన్నంత జీపు ప్రయాణం. ఒళ్లంత నొప్పులు, జుట్టు నిండ ఎర్రమట్టి. కాని ఎంత సంతోషంగ ఉన్నదో.

ఏటూరునాగారం దాటినంక అడవిలో ఒక చదును జాగ చూసిన్రు. చెట్ల మధ్యల మనుషులను పట్టుకోవుడు కష్టం కాబట్టి పరీక్షకు అడవే మంచిదట. విమానం నేను అనుకున్నదాని కంటే చిన్నది, రెక్కలు విప్పి ఇద్దరు మోసుకపోవచ్చు. ఎగిరేటప్పుడు వెంకట్రాజం గారి మొఖం చూడాలె, పిల్లగానికి గాలిపటం దొరికినట్టు.

మాతో ఇంకొకాయన ఉన్నడు. కురుచ క్రాఫు, తెల్ల చొక్కా. పేరు చెప్పలేదు. "వేరే డిపార్ట్‌మెంట్" అన్నడు వెంకట్రాజం గారు. సరిహద్దు పనికి ఈయన ఎందుకని అడగబోయి ఊకున్న.

వాళ్లు వైర్లు సర్దుకుంటాంటే నేను నీళ్ల కోసం దగ్గర గూడెంలకు పోయిన. సమ్మమ్మ అనే ఆమె ముంత నిండ నీళ్లు ఇచ్చింది. ఎక్కడి మేడంవని అడిగితే మా కాలేజీ పేరు చెప్పిన. నా ఈడుదే. చింతకాయ రాల్చేటందుకు పోతాందట, చేతిల పొడుగు దోటి, కొసకు కొంకి. ఆమె పెనిమిటి పోశయ్య, ఇంకో నలుగురైదుగురు వెదురుబొంగులు భుజాల మీద వేసుకొని వస్తున్నరు. పైన చప్పుడు విని అందరు తలలెత్తిన్రు.

"అదేంది?" అన్నది సమ్మమ్మ.

"చిన్న విమానం. ఫోటోలు తీస్తది."

"మావా?"

"ఊరికే, అడవివి."

సమ్మమ్మ కొంగు సర్దుకున్నది. పోశయ్య జుట్టు దువ్వుకున్నట్టు చేసి అందరిని నవ్విచ్చిండు. 

ఏప్రిల్ 19

టేపు వచ్చింది. ప్రోగ్రాం నడిపిన. తుపాకి ఉన్నదనుకున్న ప్రతి మనిషి దగ్గర ఒక చుక్క గుర్తు అచ్చవుతది. గూడెం ఫోటోలల్ల బోలెడు చుక్కలు.

దోటీలు. బొంగులు. నేను నా కండ్లతోటి చూసినయే. పొద్దటి ఎండ, పొడుగు నీడలు. తుపాకి నీడకూ బొంగు నీడకూ తేడా ప్రోగ్రాంకు తెల్వది. తెలిసేట్టు చెయ్యొచ్చు, కొంచెం టైం కావాలె.

తెల్లచొక్కాయన కూడ వచ్చిండు. అచ్చైన కాగితాలు చుట్ట చుట్టి సంకల పెట్టుకున్నడు. ఇది పరీక్ష మాత్రమే, తప్పులుంటయి అని చెప్పిన. వెంకట్రాజం గారు కూడ అక్కడే ఉన్నడు.

చెప్పిన.

ఏప్రిల్ 25

గీత మందం కూడ లెక్కలోకి తీసుకుంటే బొంగులు కొన్ని తగ్గుతున్నయి. దోటీలు తగ్గుతలేవు.

మే 2

పొద్దున క్లాసులో ఉండగ ప్యూన్ వచ్చి, గేటు దగ్గర ఎవరో ఆడోళ్లు "నీళ్లు తాగిన మేడం" కోసం అడుగుతున్నరని చెప్పిండు. నాకు అర్థం కాలేదు. పోయి చూస్తే సమ్మమ్మ. వెంబడి యాకమ్మ అని ఒక ముసలామె, పోశయ్య తల్లి. ఏటూరునాగారం నుంచి మొదటి బస్సుకు వచ్చిన్రట. 

"మా మొగన్ని పోలీసోళ్లు పట్టుకపోయిన్రు" అన్నది సమ్మమ్మ. ఏడుస్తలేదు. అంత దూరం వచ్చేసరికి ఏడుపు అయిపోయినట్టుంది. "తుపాకులోళ్లకు, గదే అన్నలకు, పట్టెడన్నం పెట్టి వాళ్లతో తిరుగుతున్నవంటాన్రు. మాకు తుపాకి యాడిదయ్యా అంటే, ఫోటోల ఉన్నది, కాలేజోళ్ల మిషిన్ చెప్పింది అంటాన్రు. నువ్వు కాలేజీ మేడంవు గద. జర ఆ మిషిన్‌కు చెప్పు."

యాకమ్మ నా రెండు చేతులు పట్టుకున్నది. ఆమె చేతులు వేడిగ ఉన్నయి. "వాడు బొంగులు కొట్టుకచ్చి తడికెలు అల్లుతడు బిడ్డా. నువ్వు చూసినవు గద" అన్నది.

చూసిన అన్న. మాట్లాడుత అన్న. బస్ స్టాండు దాక పోయి ఎక్కించి వచ్చిన.

అది మా కాగితాల వల్లనే అయ్యుండదు. వాళ్లకు వేరే సమాచారం ఉండి ఉంటది. ఒక్క కాగితం చూసి మనిషిని పట్టుకపోతరా?

మే 3

పాయింట్ ఆరును పాయింట్ ఎనిమిది చేసిన. గూడెం ఫోటోలల్ల చుక్కలు దాదాపు పోయినయి. తర్వాత అదే అంకెతో జవాన్ల ఫోటోలు నడిపిన. నిజమైన తుపాకులు సగం తప్పిపోయినయి.

పాయింట్ ఏడు. అటు కొన్ని తప్పులు, ఇటు కొన్ని తప్పులు.

పొద్దటి నుంచి ఇదే. ఏ అంకె పెట్టినా ఎవరో ఒకరికి తప్పు జరుగుతది. తగ్గిస్తే బొంగులు మోసేటోడు పోతడు. పెంచితే రేపు సరిహద్దుల మన జవాను పోతడు. ఎవరు పోవాల్నో తేల్చే అంకె అది. దాన్ని నేను అన్నం తినొచ్చి, వెనక పిల్లలు నిలబడ్డరని, టైం అయిపోతాందని పెట్టిన. 

మే 4

చెప్పిన అని రాసిన కదా. మెల్లగ చెప్పిన. తెల్లచొక్కాయన అప్పటికే తలుపు దగ్గర ఉన్నడు.

మే 5

చెప్పలేదు. చెప్పాలనుకున్న. వెంకట్రాజం గారు అప్పుడే "ఎక్సలెంట్ మేడం" అన్నడు, ఆ మాట చెవుల ఉండంగ నాకు నోరు రాలేదు. 

మే 10

భాయ్‌కి చెప్పకుండ ఉండలేకపోయిన. మధ్యాహ్నం దుకాణానికి పోయిన. ఎండకు చౌరస్తా అంతా ఖాళీ. భాయ్ సగం షట్టరు దించి లోపల కూర్చున్నడు. మొత్తం చెప్పిన, సమ్మమ్మ గురించి, అంకె గురించి. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టిండు. ఆ తర్వాత తనంతట తనే మొదలువెట్టిండు.

"మాది ముందరుండి చూసే పని. తోపులు, అంటే ఫిరంగులు, వెనుక ఎక్కడో ఉంటయి. సార్ దుర్బిన్‌ల చూసి ఎక్కడ కొట్టాల్నో చెప్తడు, నేను వైర్లెస్‌ల ఆ మాట వెనుకకు పంపుత. గంతే నా పని. ఒకనాడు పొద్దుగాల మంచుల, చెరుకుతోట పక్క నుంచి మనుషులు వస్తాన్రు. నెత్తి మీద మూటలు. నలుగురైదుగురు. తోపులు తయారుగున్నయి. నేను మైకు నోటి దగ్గర పెట్టుకొని సార్ మొఖం చూస్తాన. సార్ 'ఆగు' అన్నడు. 'ఊరోళ్ల లెక్కున్నరు, ఆగు' అన్నడు."

"ఊరోళ్లేనా?"

"కాదు."

షట్టరు కింద నుంచి ఎండ వచ్చి భాయ్ కాళ్ల మీద పడుతాంది. కాళ్లు లోపలికి జరుపుకున్నడు.

"మూటలల్ల వైర్లెస్ సామాను ఉన్నది. వాళ్లు మా జాగ కనిపెట్టి వాళ్లోళ్లకు చెప్పిన్రు. కొంచెం సేపటికి గోళా వచ్చి పడ్డది. సార్ పోయిండు. నాకు చెవి పోయింది."

ఇన్నేండ్లు మేమంతా ఆ చెవి గురించే బాధపడ్డం.

"అయితే కొట్టాల్సుండె" అన్న నేను. ఆ మాట కోసమే చూస్తున్నట్టున్న. పాయింట్ ఆరే కరెక్టు అని ఎవరన్న అంటే బాగుండని.

"నేను గూడ గట్లనే అనుకున్న, చాన ఏండ్లు. నువ్వు ఈ విమానం సంగతి చెప్పిన్నాడు గూడ గదే అనుకున్న. మంచిగ చూసే కన్నొకటి ఉంటే సార్ బతుకుతుండె అని. ఇప్పుడు గూడ అదే అంట, కన్ను మంచిదే. నేను దాన్ని తప్పు పడ్తలేను. గని సార్ ఆగిండు, తప్పయింది, ఆ తప్పుకు సారే పోయిండు. కొట్టి ఉంటే, వాళ్లు నిజంగనే ఊరోళ్లై ఉంటే, దాన్ని గూడ సారే మోస్తుండె, బతికినన్ని రోజులు. నీ మిషిన్ తప్పు జేసింది గద మరి. దానికేమయింది?"

"ఏం కాలేదు."

"నీకేమయింది?"

భాయ్ షట్టరు పైకి లేపి, ఎవరో ఇచ్చిన టేప్ రికార్డరు ముందర పెట్టుకున్నడు.

మే 15

రాజేశ్వర్ రావు సార్‌కు చెప్పిన. ఆ కాగితాలు తప్పని నేను రాసిస్తా, ఠాణాకు పోత అన్న. 

సార్ కోపం చేయలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నరు, తలుపు దగ్గరికి వేసిన్రు. "సాబిరా, ఇది మొదటి వర్షన్. తప్పులు సహజం. ల్యాబ్ ద్వారా పోదాం. పద్ధతి ఉంటది కదా" అన్నరు. ల్యాబ్ ద్వారా అంటే ఎన్ని రోజులు సార్ అని అడిగిన. తెల్వదన్నరు.

తర్వాత అద్దాలు తీసి తుడుచుకుంట అన్నరు: "రక్షణ శాఖ పని ఇది. తుపాకి పట్టినోడని అనుమానమున్న మనిషి కోసం నువ్వు ఠాణాకు పోతే, రేపు నీ పేరు చూస్తరమ్మా. నీ మంచికే చెప్తున్న."

నీ పేరు చూస్తరు.

సార్ మంచోడు. నన్ను ఈ ప్రాజెక్టుల పెట్టింది ఆయనే. 

మే 16

మా భాయ్ పేరు చూసిన్రా, చెవి పోయిన్నాడు?

మే 24

రంజాన్ రోజాలు మొదలైనయి. ఈ ఎండల నీళ్లు లేకుండ బస్సు ప్రయాణం వద్దని అమ్మీ మొత్తుకున్నది, "పండుగ అయినంక పోండ్రి" అని. భాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకొని, దానిమీద మెడల్ పెట్టుకున్నడు. ఆ మెడల్ ఎక్కడ దాచిపెట్టిండో కూడ మాకు తెల్వదు. నేను చూస్తున్నని సిగ్గుపడ్డడు. "పనికొస్తదేమో అని" అన్నడు.

ఏటూరునాగారం ఠాణాల చాలాసేపు కూర్చోబెట్టిన్రు. అధికారి చిన్నోడే, నా దగ్గర చదువుకునే పిల్లల వయసుంటది. మర్యాదగనే మాట్లాడిండు.

"మిషిన్ చెప్పింది కద మేడం. మిషిన్‌కు పోశయ్య మీద పగ ఉంటదా? మనుషులైతే అబద్ధం చెప్తరు."

"మిషిన్‌కు నేను చెప్పిన, అది మీకు చెప్పింది. నేను తప్పు చెప్పిన."

"అంటే మీది కాలేజీ ప్రోగ్రాం తప్పంటరా?"

"నాది తప్పంట. నేను అక్కడున్న. ఆయన భుజం మీద బొంగులు ఉన్నయి. ఆయన భార్య నాకు నీళ్లిచ్చింది. మిషిన్ పైనుంచి చూసింది, నేను పక్కనుంచి చూసిన."

"రాసిస్తరా?"

రాసిచ్చిన. తెలుగులనే రాసిన. పూర్తి పేరు, కాలేజీ పేరు, ఏ ఫోటో, ఏ చుక్క. పేరు రాసేటప్పుడు సార్ మాట గుర్తుకొచ్చింది. ఇంకొంచెం పెద్ద అక్షరాలతోటి రాసిన.

ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, భాయ్ మెడల్ వైపు చూసి, "ఏ సెక్టార్ల చేసిన్రు?" అని అడిగిండు. భాయ్ చెప్పిండు. ఆయన లేచి నిలబడ్డడు. ఏమీ మాట ఇయ్యలేదు, పైకి పంపుత అన్నడు. పోశయ్యను చూడనియ్యలేదు.

వచ్చేటప్పుడు బస్సుల భాయ్ కిటికీ పక్కన కూర్చొని నిద్రపోయిండు. మెడల్ తీసి జేబుల వేసుకున్నడు.

జూన్ 4

ఏమీ తెలుస్తలేదు. రెండుసార్లు ఠాణాకు ట్రంకాల్ చేసిన. కాలేజీల ఎవరూ ఏమీ అంటలేరు. ఏమీ అంటలేరు, అదే.

జూన్ 13

నిన్న హైదరాబాద్‌లో రివ్యూ మీటింగ్. పొడుగు టేబులు, ఫ్యాన్లు, చుట్టూ పెద్దోళ్లు. రాజేశ్వర్ రావు సార్ నా పక్కనే కూర్చున్నరు. ఆయన రాకపోయినా అయ్యేది, వచ్చిన్రు. అది రాసుకోవాలె.

వెంకట్రాజం గారు బాగ చెప్పిండు. తప్పులు దాచలేదు కూడ. "ప్రస్తుతం ఇంచుమించు రెండు చుక్కలకు ఒకటి తప్పు. వేగం పెరిగితే, ఫోటో నాణ్యత పెరిగితే, ఇది వందకు ఒకటి అవుతది. తర్వాత వెయ్యికి ఒకటి. మనిషి కంటే మెరుగ్గ అవుతది" అన్నడు. 

నమ్మిన. నిజంగనే అవుతది. నేను కాకపోతే ఇంకొకరు చేస్తరు, మన దేశం కాకపోతే ఇంకో దేశం.

నన్ను ఏమన్న చెప్తరా అని అడిగిన్రు. లేచి నిలబడ్డ.

"ఇయ్యాల ఇది ఎక్కువ తప్పులు చేస్తది కాబట్టి నేను పోయి ఇది తప్పని చెప్పగలిగిన. కనీసం విన్నరు. వెయ్యికి ఒక్క తప్పు చేసే రోజు వస్తే, ఆ ఒక్కడి కోసం వచ్చి చెప్పినా ఎవరూ వినరు. మిషిన్ తప్పు చెయ్యదు కద అంటరు. నాకు ఇప్పటి తప్పుల కంటే ఆ రోజు భయం. అందుకే ఒక్కటి అడుగుతున్న. ఎంత దాటితే తుపాకి అనాలె అనే అంకె ప్రోగ్రాం లోపల ఉండొద్దు. ప్రతిసారి ఒక మనిషి ఆ అంకె పెట్టాలె, పేరు రాయాలె. పేరు లేకుంటే ప్రోగ్రాం నడవొద్దు. అట్ల మార్చి తెచ్చిన."

ఎవరూ నవ్వలేదు. అదే ఆశ్చర్యం. చివరన కూర్చున్న తెల్లజుట్టు పెద్దాయన అడిగిండు: "అమ్మా, యుద్ధంలో అవతలోడు పేరు రాసుకుంట కూర్చుంటడా? వాని మిషిన్ రెప్పపాటుల కొడుతది. మనది సంతకం కోసం ఆగుతది. అప్పుడు మన పిల్లలకు ఎవరు జవాబు చెప్తరు?"

నా దగ్గర జవాబు ఉన్నట్టు రాసుకోను. భాయ్ సార్ గుర్తుకొచ్చిండు, మంచుల "ఆగు" అన్న మనిషి. ఆయన పోయిండు కద. ఆగితే పోయేటోళ్లు ఉంటరు, ఆ పెద్దాయన అన్నది అబద్ధం కాదు.

"తెల్వదు సార్" అన్న. "కాని జవాబు చెప్పేటందుకు ఒక మనిషన్న ఉండాలె కద."

మీటింగ్ అయినంక వెంకట్రాజం గారు చాయ్ ఇప్పియ్యబోయిండు, రోజా అని గుర్తుకొచ్చి నాలిక కరుచుకున్నడు. "మేడం, నాకు మీ మాట అర్థమైంది" అన్నడు. ఆ తర్వాత కిటికీల నుంచి బయటికి చూస్తూ, "ప్రాజెక్టు ఇగ ఇక్కడనే చేస్కుంటరట" అన్నడు. 

జూన్ 22

పండుగ అయిపోయింది. ల్యాబ్ మనిషి వచ్చి టేపులన్ని పట్టుకపోయిండు. పేరు అడిగే వర్షన్ వద్దన్నడు, పాతది చాలట.

జూన్ 27

పోశయ్యను విడిచిపెట్టిన్రు! భాయ్ దుకాణానికి ఏటూరునాగారం కండక్టరు ఒకాయన వచ్చి చెప్పిండట. నా కాగితం వల్లనా, ఇంకేమీ దొరకకనా, తెల్వదు. భాయ్ అంత దూరం నుంచి సైకిల్ తొక్కుకుంట ఇంటికొచ్చి చెప్పిండు. అమ్మీ ఖీర్ చేసింది.

జులై 14, ఆదివారం

గూడెంకు పోయిన. పోవాల్నా వద్దా అని ఇన్నిరోజులు ఆలోచించి, ఇయ్యాల పొద్దున లేచి బస్సెక్కిన. ఒక్కదాన్నే పోయిన. వానలు పడి దారంత పచ్చగ ఉంది.

సమ్మమ్మ గుడిసె ముందర విత్తులు చెరుగుతాంది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది. పోశయ్య దూరంగ చెలకల ఉన్నడు, ఎడమ చెయ్యి సరిగ లేస్తలేదు, కుడి చేత్తోనే కొడవలి పట్టి తుప్పలు కొడుతాండు. నన్ను చూసిండు. గుర్తుపట్టిండు. మళ్ల తల వంచుకొని పని చేసుకున్నడు. జుట్టు దువ్వుకున్నట్టు చేసి అందరిని నవ్వించిన మనిషి. 

"మాట్లాడుతలేడు" అన్నది సమ్మమ్మ. "నీతోనే కాదు, ఎవలతోని ఎక్కువ మాట్లాడుతలేడు."

చెప్పాలె అనే పోయిన కాబట్టి చెప్పిన. ఆ మిషిన్ ఎక్కడిదో, ఎట్ల చూస్తదో. దోటి నీడ, బొంగు నీడ, తుపాకి నీడ.

"దానికి గట్ల చూసుడు ఎవలు నేర్పిన్రు?" అన్నది.

"నేను."

తిడుతదనుకున్న. సమ్మమ్మ లోపలికి పోయి, ముంతల నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. ఎందుకిచ్చిందో నాకు తెల్వదు. నేను ఆ నీళ్లు తాగుతున్నప్పుడే దూరంగ ఎక్కడో మోటారు చప్పుడు మొదలైంది. రోడ్డు మీద లారీ కావచ్చు, బోరు మోటారు కావచ్చు.

ముందు పిల్లలు ఆగిన్రు. ఆడుకునే పుల్లలు కింద పడేసిన్రు. సమ్మమ్మ చేతులు దులుపుకొని నిలబడ్డది. కట్టెల మోపు మోసుకొస్తున్న యాకమ్మ మోపు నేల మీద పడేసింది. చెలకల పోశయ్య కొడవలి విసిరేసిండు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎవరూ ఉరకలేదు. అందరు ఎక్కడోళ్లక్కడ నిలబడి, రెండు చేతులు ఒంటికి దూరంగ, ఖాళీగ, వేళ్లు విప్పి పెట్టిన్రు. మొఖాలు పైకి ఎత్తిన్రు. పోశయ్య ఎడమ చెయ్యి లేచినంత వరకే లేచింది.

"కదలకు" అన్నది సమ్మమ్మ, పెదిమలు కదపకుండ. "చేతుల ఏమున్నా కింద పెట్టు."

ముంత కింద పెట్టి నేను కూడ నిలబడ్డ. చేతులు విప్పిన. ఆకాశంల మబ్బు తప్ప ఏమీ లేదు. ఐనా కొంచెం కూడ కదలబుద్ధి కాలేదు.

చప్పుడు సన్నగయి పోయింది. పిల్లలు పుల్లలు ఏరుకున్నరు. యాకమ్మ మోపు ఎత్తుకున్నది. పోశయ్య వంగి కొడవలి వెతుక్కున్నడు.

"అయిపోయింది, కూసో" అన్నది సమ్మమ్మ. చాట దగ్గరికి తీసుకొని మళ్ల చెరుగుడు మొదలుపెట్టింది. నా చేతులు ఇంకా విప్పే ఉన్నయని చూసి, రెండోసారి అన్నది.